కొత్తగా చేరినవారి ప్రతిభకు గుర్తింపు: విశ్వవిద్యాలయ పురస్కారాన్ని నడపవలసిన తీరు

హైదరాబాదు విశ్వవిద్యాలయాల్లో సన్మానాలకు కొదవ లేదు. సెప్టెంబరు 5న, సర్వేపల్లి రాధాకృష్ణన్ జయంతి సందర్భంగా, ఉత్తమ అధ్యాపకులను సత్కరిస్తారు; పదోన్నతి పొందినవారికి, పదవీ విరమణ చేసేవారికి శాఖలోనే శాలువా కప్పి పూలదండ వేస్తారు. ఇవన్నీ ఉండవలసినవే. కాని పైకి చెప్పినా చెప్పకపోయినా వీటిలో చాలావాటికి సర్వీసు నిడివే కొలమానం కావడంతో, ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లు కూడా నిండని అసిస్టెంట్ ప్రొఫెసర్, పరీక్షల విభాగానికి కొత్తగా వచ్చిన జూనియర్ అసిస్టెంట్, ప్రయోగశాలలోని టెక్నీషియన్ ఎంత బాగా పనిచేసినా వారి పేర్లు ఆ జాబితాల్లోకి ఎక్కవు. "ఇంకా బోలెడంత సర్వీసు ఉంది కదా, తొందరేముంది" అన్న మాట ఏ కార్యాలయంలోనైనా వినిపించేదే. కొత్తవారికి విడిగా ఒక పురస్కారం ఉండాలన్న ఆలోచన ఇక్కడి నుంచే పుడుతుంది. అయితే దాన్ని ఏ నియమాల మీద నడపాలో ముందే తేల్చుకోకపోతే, రెండో ఏడాదికల్లా అది శాఖల మధ్య వంతుల వారీ పంపకంగా మారిపోతుంది. రిజిస్ట్రార్ కార్యాలయంలోనో, అంతర్గత నాణ్యతా విభాగంలోనో, శాఖాధిపతి స్థానంలోనో ఉండి ఇటువంటి పురస్కారాన్ని మొదలుపెట్టదలచినవారి కోసం ఈ సూచనలు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పురస్కారానికి విలువ వచ్చేదీ పోయేదీ నామినేషన్ కాగితం దగ్గరే. ఆ ఉద్యోగి ఏ పని చేశారు, అది ఎవరికి ఎలా ఉపయోగపడింది అన్న సంగతిని ఆ కాగితంలో స్పష్టంగా రాయించగలిగితే కమిటీ పని సగానికి సగం తగ్గుతుంది. రాయించలేకపోతే ఎంత నిష్పాక్షికమైన కమిటీ అయినా పేరు విన్నవారినే ఎంపిక చేస్తుంది. కాబట్టి ఈ వ్యాసంలో వేదిక ఏర్పాట్ల కంటే ఆ కాగితానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

కొత్తవారంటే ఎవరు

మొదట తేల్చవలసింది అర్హత. ఉద్యోగంలో ఏడాది పూర్తయి, మూడేళ్లు దాటనివారిని కొత్తవారుగా లెక్కించడం సబబుగా ఉంటుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం అధ్యాపకుల ప్రొబేషన్, అంటే ఉద్యోగం ఖాయమయ్యే ముందు పనితీరు పరిశీలించే కాలం, కనీసం ఒక ఏడాది. పనితీరు సంతృప్తికరంగా లేనప్పుడు గరిష్ఠంగా మరొక ఏడాది పొడిగించవచ్చు. మూడేళ్ల పరిమితి పెట్టుకుంటే ప్రొబేషన్ కాలమూ, ఆ తరువాత ఆ ఉద్యోగి సొంతంగా నిలదొక్కుకునే కాలమూ రెండూ అందులోకి వస్తాయి. ఏడాది నిండాలన్న షరతు కూడా అవసరమే. మొదటి సెమిస్టరు హడావుడిలో కనిపించే ఉత్సాహం, రెండో ఏడాది అదే పాఠ్యాంశాన్ని మళ్లీ చెప్పవలసి వచ్చినప్పుడు మిగిలే శ్రద్ధ, ఈ రెండింటికీ తేడా ఉంటుంది. ఏ తేదీ నాటికి లెక్కించాలో కూడా నామినేషన్లు కోరుతూ పంపే సర్క్యులర్‌లోనే రాయాలి; లేకపోతే నెల తేడాతో తప్పిపోయినవారి అర్జీలు గడువు ముగిశాక మొదలవుతాయి.

కొత్తవారు అనగానే చిన్న వయసువారు అనుకోవడం పరిపాటి. పరిశ్రమలో ఇరవై ఏళ్లు పనిచేసి నలభై అయిదో ఏట బోధనలోకి వచ్చినవారు కూడా ఇక్కడ కొత్తవారే, కాబట్టి వయోపరిమితి పెట్టకూడదు. దీనికి మరో వైపు కూడా ఉంది. అదే శాఖలో పదేళ్లు కాంట్రాక్టు అధ్యాపకులుగా పాఠం చెప్పి ఇప్పుడు రెగ్యులర్ నియామకం పొందినవారికి ఈ పురస్కారం ఇస్తే, నిజంగా కొత్తగా వచ్చినవారికి అన్యాయం జరుగుతుంది. ఆ పదేళ్ల సేవకు తప్పకుండా గుర్తింపు ఉండాలి, అయితే అది వేరే పద్దు. సెక్షన్ మారి వచ్చినవారిని కూడా ఇందులో చేర్చకపోవడమే మేలు.

సెలవుల విషయం చాలామంది మరచిపోతారు. ప్రసూతి సెలవులో ఉన్న 180 రోజులను, దీర్ఘకాలపు వైద్య సెలవును మూడేళ్ల లెక్కలో నుంచి మినహాయించాలి. అంటే ఆ మేరకు అర్హతా కాలం పొడిగించాలి. ఈ ఒక్క వాక్యం సర్క్యులర్‌లో లేకపోతే కొత్తగా చేరిన మహిళా ఉద్యోగుల్లో కొందరు, ఎవరూ వద్దనకుండానే, పోటీ బయట ఉండిపోతారు.

ఇక అవుట్‌సోర్సింగ్ సిబ్బంది. హాస్టల్ వంటశాలలోను, కంప్యూటర్ కేంద్రంలోను, డేటా ఎంట్రీలోను కొత్తగా కనిపించే ముఖాల్లో ఎక్కువమంది వీరే. జీతం ఏజెన్సీ ద్వారా వస్తుంది కనుక వీరు విశ్వవిద్యాలయ సిబ్బంది కిందికి రారన్న వాదన ఫైలు మీద ఎవరో ఒకరు తప్పక రాస్తారు. నియామకపు హక్కుల విషయంలో ఆ వాదనకు స్థానం ఉండవచ్చు, ప్రశంసాపత్రం విషయంలో లేదు. పురస్కారం వల్ల ఉద్యోగ క్రమబద్ధీకరణకు ఎటువంటి హక్కూ ఏర్పడదని ఒక వాక్యం చేర్చి వారిని అర్హులను చేయడమే ఉచితం.

ఒకే తూకం పనికిరాదు

బోధనా సిబ్బంది, కార్యాలయ సిబ్బంది, సాంకేతిక సహాయక సిబ్బంది అని కనీసం మూడు విభాగాలుగా పురస్కారాలు ఉండాలి. ముగ్గురినీ ఒకే పోటీలో నిలబెడితే ప్రతి ఏడాదీ అధ్యాపకులే గెలుస్తారు. వారి పనికి పేరు ఉంటుంది, పత్రికల్లో అచ్చవుతుంది, విద్యార్థులు వారిని గుర్తుపెట్టుకుంటారు. జూనియర్ అసిస్టెంట్ పనికి ఆ భాగ్యం లేదు. ఆయన ఫైలులో రాసి పెట్టిన ప్రతిపాదన, అంటే నోటు, సూపరింటెండెంట్ సంతకంతో అసిస్టెంట్ రిజిస్ట్రార్ దగ్గరికి, అక్కడి నుంచి డిప్యూటీ రిజిస్ట్రార్ దగ్గరికి వెళుతుంది. చివరికి ఉత్తర్వు రిజిస్ట్రార్ పేరుతో వెలువడుతుంది. ఆ ఆలోచన మొదట ఎవరిదో నోట్ ఫైలు తిరగేసినవారికి తప్ప తెలియదు. కాబట్టి కార్యాలయ విభాగంలో ఎవరినైనా ప్రతిపాదించేటప్పుడు, పేర్లూ వివరాలూ కప్పి అయినా సరే, మొదటి నోటు ప్రతిని జతచేయించడం మంచి పద్ధతి.

నామినేషన్ పత్రం

పత్రం రెండు పేజీలు దాటకూడదు. బయోడేటా, ప్రచురణల జాబితా, హాజరైన సదస్సుల సర్టిఫికెట్లు అడగవద్దు. అడిగితే లావుపాటి ఫైళ్లు వస్తాయి, లావుపాటి ఫైలుకే మార్కులు పడతాయి. అడగవలసిన ప్రశ్నలు నాలుగు చాలు. ఈ ఉద్యోగి రాకముందు ఆ పని ఎలా జరిగేది? వచ్చిన తరువాత ఏమి మారింది? ఆ మార్పు వల్ల ఎవరికి మేలు జరిగింది, వారిలో ఒకరిని కమిటీ సంప్రదించవచ్చా? ఆ ఉద్యోగి రేపు బదిలీ అయి వెళ్లిపోయినా ఆ మార్పు నిలుస్తుందా? చివరి ప్రశ్నకు జవాబు రాయడం కష్టం. ఆ కష్టమే మంచి నామినేషన్‌ను మొహమాటపు నామినేషన్ నుంచి వేరు చేస్తుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. పరీక్షల విభాగంలో ట్రాన్‌స్క్రిప్టుల (చదివిన పేపర్లు, మార్కుల ధ్రువపత్రాల) కౌంటరు దగ్గర చేరిన ఒక జూనియర్ అసిస్టెంట్ గురించి సూపరింటెండెంట్ ఇలా రాశారు: "వీరు విధుల పట్ల అంకితభావంతో, క్రమశిక్షణతో, అందరితో కలుపుగోలుగా మెలుగుతూ పై అధికారుల మన్ననలు పొందుతున్నారు." ఇందులో ఒక్క అబద్ధమూ లేకపోవచ్చు, ఒక్క సమాచారమూ లేదు. ఈ వాక్యాన్ని విశ్వవిద్యాలయంలోని ఏ ఉద్యోగికైనా తగిలించవచ్చు. ఇదే వ్యక్తి గురించి మరొకరు ఇలా రాశారనుకోండి: "విదేశాలకు వెళ్లే విద్యార్థుల దరఖాస్తులు తండ్రి పేరు స్పెల్లింగు పదో తరగతి మెమోతో సరిపోలక తరచుగా తిరిగి వెళ్లేవి. ఈమె తిరిగి వెళ్లిన దరఖాస్తులకు విడిగా ఒక రిజిస్టరు పెట్టి, కారణాలు రాసి, ఎక్కువగా జరుగుతున్న పొరపాట్లను గుర్తించి, నింపిన నమూనా ఫారాన్ని తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషల్లో తయారుచేసి కౌంటరు అద్దానికి అంటించారు. దరఖాస్తు తీసుకునేటప్పుడే మెమోతో సరిచూసే పద్ధతి పెట్టారు. ఇప్పుడు జిల్లాల నుంచి వచ్చే విద్యార్థి రెండోసారి బస్సెక్కి రావలసిన అవసరం చాలా వరకు తగ్గింది. రిజిస్టరు ప్రతి జతచేశాను." రెండో నామినేషన్‌లో పొగడ్త ఒక్కటీ లేదు, అయినా చదివినవారికి ఆమె ఎటువంటి ఉద్యోగో అర్థమవుతుంది. సర్క్యులర్‌తో పాటు ఈ రకం నమూనాలు రెండు, ఒకటి పనికిరానిది, ఒకటి పనికొచ్చేది, పంపితే వచ్చే నామినేషన్ల నాణ్యత ఆ ఏడాదే మెరుగుపడుతుంది.

ఎవరు ప్రతిపాదించవచ్చు అన్న విషయంలో ఉదారంగా ఉండాలి. శాఖాధిపతి ఒక్కరికే ఆ అధికారం ఇస్తే, శాఖాధిపతితో పొసగని కొత్త ఉద్యోగికి దారి మూసుకుపోతుంది. తోటి ఉద్యోగులు, విద్యార్థులు, పరిశోధక విద్యార్థులు ప్రతిపాదించవచ్చునని, ఎవరైనా తమ పేరు తామే పంపుకోవచ్చునని స్పష్టంగా రాయాలి. మన దగ్గర తన పేరు తానే రాసుకోవడం చిన్నతనంగా భావించేవారు ఎక్కువ కాబట్టి, ఎవరు ప్రతిపాదించారన్న వివరాన్ని కమిటీకి చూపకపోవడం మంచిది. పత్రాన్ని తెలుగులోను, ఉర్దూలోను, ఇంగ్లీషులోను స్వీకరించాలి. హాస్టల్ అటెండరు గురించి చెప్పవలసింది వంటమనిషికి తెలుసు. ఆయనకు ఇంగ్లీషు ఫారం ఇస్తే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. రాయడం రానివారు చెబితే రాసిపెట్టడానికి గ్రంథాలయంలో ఒకరిని నియమించవచ్చు.

సర్క్యులర్ అందరికీ అందుతుందా అన్నది వేరే సమస్య. ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయానికి తార్నాక దగ్గరి ప్రధాన ప్రాంగణంతో పాటు బషీర్‌బాగ్‌లో నిజాం కళాశాల, సైఫాబాదులో సైన్సు కళాశాల, సికింద్రాబాదులో పీజీ కళాశాల ఉన్నాయి. ప్రధాన భవనంలో నోటీసు బోర్డు మీద అంటించి, వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకుంటే నామినేషన్లన్నీ ఆ భవనం చుట్టుపక్కల నుంచే వస్తాయి. గడువుకు వారం ముందు ఏయే కళాశాలలు, ఏయే సెక్షన్ల నుంచి ఒక్క నామినేషనూ రాలేదో చూసి, అక్కడికి ఫోను చేసి అడగాలి. ప్రాతినిధ్యం సరిచూసుకోవలసిన సమయం అదే. విజేతలను తేల్చేటప్పుడు సరిచూడబోతే అది వంతుల పంపకం అవుతుంది.

అంకెలను ఎంతవరకు నమ్మాలి

బోధనా విభాగంలో కమిటీ చేతికి తేలికగా దొరికేవి రెండే: విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ సగటు, పరిశోధన పత్రాల సంఖ్య. రెండూ కొత్తవారి విషయంలో తప్పుదారి పట్టించేవే.

కొత్త అధ్యాపకులకు సాధారణంగా ఎవరూ కోరుకోని క్లాసులు వస్తాయి. నూరు మందికి పైగా ఉండే మొదటి సంవత్సరపు తప్పనిసరి పాఠ్యాంశం, మధ్యాహ్నం భోజనం తరువాతి పీరియడు, ఇతర శాఖల విద్యార్థులకు చెప్పవలసిన పేపరు వారికి పడతాయి. పదిహేను మంది ఎమ్మెస్సీ విద్యార్థులకు ఐచ్ఛికాంశం చెప్పే సీనియర్ ప్రొఫెసర్ సగటుతో వారి సగటును పోల్చడం అర్థం లేని పని. అదే పేపరును అంతకుముందు ఇద్దరు ముగ్గురు చెప్పినప్పుడు వచ్చిన ఫీడ్‌బ్యాక్‌తో పోలిస్తే కొంత తెలుస్తుంది. అంకె కంటే కూడా విద్యార్థులు కింద రాసిన మాటలు చదవడం మేలు. "నోట్స్ బాగా ఇస్తారు" అన్నదానికి, "ఇంటర్ తెలుగు మీడియం నుంచి వచ్చిన మాకు మొదటి నెల రోజులు రెండు భాషల్లో చెప్పి మెల్లగా ఇంగ్లీషులోకి తీసుకువెళ్లారు" అన్నదానికి ఎంతో తేడా ఉంది. కఠినంగా మార్కులు వేసేవారి సగటు తగ్గుతుందన్న సంగతి కూడా కమిటీకి గుర్తుండాలి.

పత్రాల సంగతి ఇంకొక రకం. చేరిన మొదటి రెండు మూడేళ్లలో వెలువడే పత్రాల్లో చాలావరకు పీహెచ్‌డీ కాలంలోనో, మరొక సంస్థలోనో చేసిన పని ఫలితాలు. అవి ఆ వ్యక్తి ప్రతిభకు నిదర్శనాలే అయినా, ఇక్కడ చేరిన తరువాత ఏమి చేశారన్న ప్రశ్నకు జవాబు కావు. ఖాళీ గదిలో ప్రయోగశాల నిలబెట్టడం, మూలపడ్డ పరికరాన్ని బాగుచేయించి పక్క శాఖలకూ వాడుకునేలా సమయాల పట్టిక పెట్టడం, మొదటి ప్రాజెక్టు ప్రతిపాదన రాసి పంపడం, అది తిరస్కరణకు గురైనా సరే, ఇవి ఆ కాలపు అసలైన పనులు. తిరస్కరించిన ప్రతిపాదనకు కూడా విలువ ఇచ్చే కమిటీలు తక్కువ. మీ కమిటీ ఇస్తే బాగుంటుంది.

కమిటీ

అయిదుగురు చాలు. వేరే ఫ్యాకల్టీకి చెందిన సీనియర్ ప్రొఫెసర్, బోధనేతర సిబ్బందిలో అధికారి హోదా ఉన్నవారు ఒకరు, పరిశోధక విద్యార్థి ఒకరు, రెండో ఏడాది నుంచి గత విజేత ఒకరు, బయటివారు ఒకరు. బయటివారిని తెచ్చుకోవడంలో హైదరాబాదుకు ఉన్న సౌకర్యం చాలా నగరాలకు లేదు: ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ), మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ అన్నీ ఇక్కడే ఉన్నాయి. విమానం టికెట్టు అక్కర్లేదు, ఒక పూట చాలు. పరస్పరం సభ్యులను పంపుకునే ఏర్పాటు చేసుకుంటే ఖర్చు కూడా ఉండదు.

తన శాఖకు లేదా తన పర్యవేక్షణలో ఉన్నవారికి సంబంధించిన నామినేషన్ వచ్చినప్పుడు ఆ సభ్యుడు గదిలో నుంచి బయటికి వెళ్లాలి; మౌనంగా కూర్చుంటే సరిపోదు. ఎంపికైనవారి విషయంలోనూ, చివరి జాబితాలో ఉండి ఎంపిక కానివారి విషయంలోనూ మూడు నాలుగు వాక్యాల కారణం రాయాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చునన్న ఎరుకతో రాసిన కారణాలు సహజంగానే పొందికగా ఉంటాయి. వైస్ ఛాన్సలర్ జాబితాను ఆమోదించవచ్చు, కారణం రాసి తిరిగి పంపవచ్చు, కొత్త పేరు చేర్చకూడదు. ఈ నియమాన్ని మొదటి ఏడాదే, అంటే ఏ పేరూ ఎవరి మనసులోనూ లేనప్పుడే, ఆమోదింపజేసుకోవాలి. పైరవీ ఫోన్లు వచ్చినప్పుడు కమిటీకి అండగా నిలిచేది అదే.

చివరి జాబితాలో ఉన్నవారి గురించి మాత్రం విజిలెన్స్ విభాగం నుంచి, లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీ నుంచి గోప్యంగా అభ్యంతరం ఉందా లేదా అని తెలుసుకోవాలి. విచారణ నడుస్తుంటే ఆ నామినేషన్‌ను మరుసటి ఏడాదికి వాయిదా వేయాలి, ఎవరికీ కారణం చెప్పకూడదు. తగినవారు లేని విభాగంలో ఆ ఏడాది పురస్కారం ఇవ్వకుండా ఉండే స్వేచ్ఛ కూడా కమిటీకి ఉండాలి.

ప్రశంసాపత్రం, బహుమతి, వేదిక

ప్రశంసాపత్రంలో నామినేషన్‌లోని ఆ నిర్దిష్టమైన పనినే నాలుగయిదు వాక్యాల్లో రాయాలి. బంగారు అంచు కాగితం మీద ఎవరికైనా సరిపోయే విశేషణాలు అచ్చువేస్తే ఇంటికి తీసుకువెళ్లి గోడకు తగిలించుకున్నవారికి కూడా తమకు ఇది ఎందుకు ఇచ్చారో చెప్పడం కష్టమవుతుంది. వేదిక మీద చదివేది కూడా ఈ పత్రాన్నే, పూర్తిగా, ఆ ఉద్యోగి కుటుంబానికి అర్థమయ్యే భాషలో. ముఖ్య అతిథి ప్రసంగం తగ్గించుకుంటే ఇందుకు సమయం దొరుకుతుంది.

శాలువాల సంగతి వేరే చెప్పాలా? ప్రతి ఇంటి బీరువాలోనూ ఉన్నాయి. దానికి బదులు పెంబర్తి ఇత్తడి జ్ఞాపికో, చేర్యాల చిత్రపటమో, పోచంపల్లి నేతో ఇస్తే ఇక్కడి చేతివృత్తులవారికీ నాలుగు డబ్బులు వస్తాయి. నగదు ఇవ్వదలిస్తే అది జీతంతో పాటు ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుందని అకౌంట్స్ విభాగం విజేతలకు ముందే చెప్పాలి. నగదు కంటే అవకాశం ఇవ్వడం మెరుగని నా అభిప్రాయం. అధ్యాపకులకు సదస్సు ఖర్చులు, కార్యాలయ సిబ్బందికి జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థలో శిక్షణ, టెక్నీషియన్లకు తార్నాక, హబ్సిగూడ ప్రాంతాల్లోని జాతీయ పరిశోధన సంస్థల్లో పరికరాల నిర్వహణ చూసి వచ్చే ఏర్పాటు వంటివి చేయవచ్చు. శిక్షణ కాలాన్ని డ్యూటీగా పరిగణిస్తామని ఉత్తర్వులో రాయడం మరువకూడదు.

తేదీ విషయానికి వస్తే, సెప్టెంబరు 5 అధ్యాపకుల రోజు కనుక మూడు విభాగాలకూ కలిపి ఇచ్చే పురస్కారానికి సరిపడదు. వ్యవస్థాపక దినం నయం: ఉస్మానియాకు ఏప్రిల్ 26, హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి అక్టోబరు 2. పరీక్షలూ మూల్యాంకనమూ ముమ్మరంగా జరిగే రోజుల్లో మాత్రం నామినేషన్ల గడువు పెట్టవద్దు. ప్రతిపాదించవలసినవారంతా అప్పుడు జవాబుపత్రాల మధ్య ఉంటారు.

వేడుక ముగిశాక

పురస్కారం ఇచ్చినట్టు అధికారిక ఉత్తర్వు (ప్రొసీడింగ్స్) వెలువరించి, ఒక ప్రతిని సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించాలి. ఈ చిన్న పని చాలాచోట్ల జరగదు. అయిదేళ్ల తరువాత ఆ ఉద్యోగి పదోన్నతి ఫైలు కదిలినప్పుడు ఫొటో తప్ప ఆధారం ఉండదు. చివరి జాబితా దాకా వచ్చి ఎంపిక కానివారికి, వారి గురించి నామినేషన్‌లో రాసిన మంచి మాటలను ఒక లేఖగా పంపాలి. ప్రతిపాదించినవారి అనుమతి ముందే తీసుకుంటే ఇందులో ఇబ్బంది ఉండదు. ఖర్చు ఒక కాగితం.

చివరిగా ఒక జాగ్రత్త. మన కార్యాలయాల్లో బాగా పనిచేసేవారికి దక్కే మొదటి బహుమతి మరింత పని. పురస్కారం వచ్చిన మరుసటి నెలలోనే ఆ జూనియర్ అసిస్టెంట్‌కు ఖాళీగా ఉన్న పక్క సీటు అదనపు బాధ్యత అప్పగిస్తారు. ఆ అధ్యాపకుడిని టైంటేబుల్ కమిటీలోను, ప్రవేశాల కమిటీలోను, విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ నాక్‌కు పంపే నివేదిక కమిటీలోను వేస్తారు. అతడు నిలబెట్టిన ప్రయోగశాల తాళం పడి ఉంటుంది. కాబట్టి ప్రొసీడింగ్స్‌లోనే, విజేతకు ఏడాది పాటు ఆయన లేదా ఆమె లిఖితపూర్వక అంగీకారం లేకుండా అదనపు బాధ్యతలు అప్పగించరాదని ఒక పేరా చేర్చి, ఆ ప్రతిని శాఖాధిపతికి కూడా పంపాలి.